జడ్చర్ల కంపెనీయా, హైదరాబాద్ ఉద్యోగమా: ఏది మేలు?

"అన్నా, ఈడ కంపెనీకి పోవాల్నా, హైదరాబాద్ పోవాల్నా?"

జడ్చర్ల సిగ్నల్‌గడ్డ దగ్గర నేను నడిపే నెట్ సెంటర్‌లో ఈ ప్రశ్న వినపడని రోజు లేదు. డిగ్రీ రిజల్ట్స్ వచ్చిన వారంలోనైతే పొద్దున్నుంచి రాత్రిదాకా ఇదే. రెజ్యూమె టైప్ చేయించుకుంటూ ఒకరు అడుగుతారు, ఆధార్ అప్‌డేట్‌కు వచ్చిన తల్లి తన కొడుకు గురించి అడుగుతుంది. "నీ ఇష్టం తమ్మీ, రెండూ మంచివే" అని ఇన్నాళ్లూ దాటేశాను. ఈ వేసవిలో అదే ప్రశ్న మా ఇంటికొచ్చింది. మా తమ్ముడు బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేస్తే రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరం వారం రోజులు కూర్చుని లెక్కలేశాం. ఆ లెక్కల్లో తేలిందే ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి హైదరాబాద్ జీడిమెట్లలో ల్యాబ్ పని. చేతికి 19,000. ఏజెన్సీ ద్వారా. రెండోది మన జడ్చర్ల దగ్గరి ఫార్మా కంపెనీలో, చేతికి 15,200. కంపెనీయే నేరుగా తీసుకుంటుంది. దాదాపు నాలుగు వేల తేడా చూసి మా అమ్మ కూడా హైదరాబాదే అంది.

హైదరాబాద్‌లో హాస్టల్‌కు తిండితో కలిపి 6,500. బస్ పాస్, చాయ్, డ్యూటీకి లేటయిన రోజు ఆటో, అన్నీ కలిపి 3,000. నెలకు రెండుసార్లు ఇంటికొచ్చి పోతే 800. సబ్బులు, మందులు, ఫోన్ రీచార్జి, స్నేహితుడి పెళ్లికి కట్నం, ఇలాంటివి ఎంత తగ్గించినా 1,200. పోగా మిగిలేది 7,500. ఇక్కడైతే ఇంటి తిండి, డ్యూటీలో క్యాంటీన్, కంపెనీ బస్సు ఊరి స్టేజీ దగ్గరే ఎక్కించుకుంటుంది. సొంత ఖర్చు 3,000 తీసేసినా 12,200 ఇంట్లోకి వస్తాయి. 19,000 ఇచ్చే ఉద్యోగం కంటే 15,200 ఇచ్చేదే ఇంటికి ఎక్కువ తెస్తోంది. ఈ లెక్క కాగితం మీద పెట్టాక అమ్మ మాట మార్చింది.

అయితే చాలామంది ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు. హైదరాబాద్‌కు ఉన్న బలం ఈ లెక్కలో కనపడదు. అక్కడ ఒక కంపెనీ నచ్చకపోతే అదే రోడ్డు మీద ఇంకో పది ఉంటాయి. మందులో ఏది ఎంతుందో పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద రెండేళ్లు చేసినవాడు జీడిమెట్ల నుంచి బాచుపల్లికి, అక్కడి నుంచి పాశమైలారానికి మారుతూ మారిన ప్రతిసారీ జీతం పెంచుకోగలడు. ఇక్కడ పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో పెద్ద కంపెనీలు ఉన్నమాట నిజమే, బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరు దాకా రోడ్డు పొడుగునా పరిశ్రమలున్నాయి. కానీ మారడానికి చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఒకచోట గొడవపడి బయటికొస్తే ఆ సంగతి రెండో కంపెనీకి మనకంటే ముందే చేరుతుంది. ఐదేళ్లు ఒకే మిషన్ దగ్గర నిలబడి జీతం కదలక విసిగిపోయినవాళ్లు నాకు తెలుసు. ఎదగాలన్న పట్టుదల ఉండి, ఇంటి బరువు మీద లేని పిల్లాడికి హైదరాబాద్ వద్దని నేను చెప్పను.

కానీ దగ్గరా దూరమా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: నీకూ కంపెనీకీ నడుమ ఎవరున్నారు?

పాలమూరోళ్లకు, అంటే మా మహబూబ్‌నగర్ వైపువాళ్లకు, ఈ ప్రశ్న విడమర్చి చెప్పాల్సిన పని లేదు. మా నాయన బొంబాయి, పుణె తిరిగినవాడే. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటారని పేరు. ఆ లేబర్‌ను తీసుకుపోయేది గుంపు మేస్త్రీ. ఇంట్లో పెళ్లికో, బోరు కోసమో అడ్వాన్స్ ఇచ్చేది ఆయనే, పని చూపించేదీ ఆయనే, లెక్క రాసుకునేదీ ఆయనే. తాను ఎవరి డ్యాం కట్టాడో, ఎవరి బిల్డింగుకు సిమెంటు మోశాడో మా నాయనకు చివరిదాకా తెలియదు. కాలు విరిగి మూడు నెలలు మంచాన పడ్డప్పుడు అడగడానికి మేస్త్రీ తప్ప మనిషి లేడు. మేస్త్రీ "నేనేం చేస్తనే, సేటు ఇస్తలేడు" అన్నాడు. ఆ సేటు ముఖం కూడా మా నాయన ఎరగడు.

ఇప్పుడు పిల్లలు ప్యాంటు షర్టు వేసుకుని, మెడలో ట్యాగు తగిలించుకుని పోతున్నారు. ఆ ట్యాగు మీద పెద్దక్షరాల్లో కంపెనీ పేరు, కింద చిన్నక్షరాల్లో కాంట్రాక్టర్ పేరు ఉంటుంది. చూడాల్సింది ఆ చిన్నక్షరాలనే.

పోయిన చలికాలం నవాబ్‌పేట వైపు నుంచి ఒక పిల్లాడు వచ్చాడు. ప్యాకింగ్‌లో మూడేళ్లుగా చేస్తున్నాడు. చెల్లెలి పెళ్లికి పీఎఫ్ (భవిష్య నిధి) డబ్బులు తీయాలన్నాడు. పాలిథిన్ కవర్లోంచి జీతం చీటీలు తీసి కౌంటర్ మీద వరసగా పరిచాడు, నెలవారీగా సర్ది పెట్టుకున్నాడు పాపం. ప్రతి చీటీలో పీఎఫ్ కింద 1,440 కోత ఉంది. "పైసలు కట్ అయితున్నయన్నా, చీటీలనే ఉన్నది చూడు" అన్నాడు. యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్, కొట్టి ఆన్‌లైన్ పాస్‌బుక్ తెరిచాను. మూడేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. పనిచేసిన గేటు అదే, నిలబడ్డ లైన్ అదే, కాంట్రాక్టర్ పేరు మాత్రం ఏడాదికొకటి. మొదటి కాంట్రాక్టర్ ఎగ్జిట్ డేట్ (పని మానేసిన తేదీ) ఎక్కించలేదు. రెండోవాడు పాత నంబర్ అడగకుండా కొత్త యూఏఎన్ తీశాడు. మూడోవాడి ఖాతాలో ఎనిమిది నెలలుగా ఒక్క రూపాయి పడలేదు. ఆ పిల్లాడు స్క్రీన్ వైపు చూసి, చీటీల వైపు చూసి, మళ్లీ స్క్రీన్ వైపు చూశాడు. "సైట్ స్లోగా ఉందేమో, ఇంకోసారి కొట్టన్నా" అన్నాడు. ఇంకోసారి కొట్టాను.

ఆ రోజు నుంచి నేను "రెండూ మంచివే" అనడం మానేశాను.

కోత పడితే జమ పడినట్టేనని అందరూ అనుకుంటారు. మన జీతంలో 12 శాతం కోస్తారు, యజమాని కూడా అంతే కలపాలి, ఆయన వాటాలో కొంత పెన్షన్‌కు పోతుంది. ఒక నెల డబ్బు తర్వాతి నెల 15లోపు కట్టాలి. కట్టాడా లేదా అన్నది పాస్‌బుక్కే చెప్పాలి, చీటీ చెప్పదు. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఖాతాలు ముక్కలై ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ పదేళ్లూ లెక్కకు రావు. పని మానేసేటప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీకి ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు ఉండాలి. ఏడాదికొక కాంట్రాక్టర్ మారితే ఐదేళ్లు ఎప్పటికి నిండుతాయి? 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత గడువని రాసి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, పనిలో పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. అందుకే ఆ లెటర్ అడగడానికి మొహమాటపడొద్దు.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సంగతీ అంతే. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. మన జీతంలో పోయేది 0.75 శాతమే, యజమాని 3.25 శాతం కడతాడు. మన మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ వైద్యం అందుతుంది. జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మా నాయన మంచాన పడ్డ మూడు నెలలూ సరిగ్గా అన్ని రోజులే.

ప్రమాదాల మాట కూడా చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. కొందరిని గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. అలాంటి రోజున ఇంటివాళ్లు గేటు దగ్గరికి పరుగెత్తుకొస్తే, లోపల తమ పిల్లాడి పేరు ఎవరి రిజిస్టర్‌లో ఉందన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. పోలేపల్లిలో ఉన్నవి ఎక్కువగా మాత్రలు, క్యాప్సూల్స్ చేసే ఫార్ములేషన్ యూనిట్లు. చౌటుప్పల్ వైపు మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లు ఎక్కువ, అక్కడ రసాయనాలు కలిపే రియాక్టర్ల దగ్గర పని, సాల్వెంట్ల (కరిగించే ద్రవాల)తో పని. నల్లగొండ వైపు నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లకు నేను ఇదే చెబుతున్నాను: ఊరికి దగ్గరని ఒక్కటే చూడకండి, ఏ సెక్షన్‌లో వేస్తారో, ఎవరి రోల్ (ఉద్యోగుల జాబితా) మీద వేస్తారో ముందు అడగండి.

మా తమ్ముడి విషయంలో తేల్చింది కూడా ఇదే. ఇక్కడ 15,200 ఇచ్చేది కంపెనీ. అక్కడ 19,000 ఇచ్చేది ఏజెన్సీ. ఒకవేళ ఇది తిరగబడి, హైదరాబాద్ కంపెనీ నేరుగా తీసుకుని, జడ్చర్లలో కాంట్రాక్టర్ కింద అయి ఉంటే, మిగిలేది తక్కువైనా సరే బ్యాగు సర్ది నేనే బస్సెక్కించేవాణ్ణి.

అమ్మాయిల సంగతి కొంచెం వేరు. ప్యాకింగ్, మాత్రలు పరీక్షించే సెక్షన్లలో మన చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు చాలామంది చేస్తున్నారు. ఇంటి ముందు బస్సు ఎక్కి ఇంటి ముందు దిగుతారు కాబట్టి తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. కానీ ఇంట్లో ఉండి ఉద్యోగం చేసే పిల్లకు రెండు డ్యూటీలు. పొద్దున నాలుగింటికి లేచి వంట చేసి, షిఫ్టు చేసి వచ్చి మళ్లీ గిన్నెలు. మా పక్కింటి అమ్మాయి ఎమ్మెస్సీ చదివి, ఇక్కడ దొరికినా కాదని హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటోంది. వాళ్లమ్మ నాతో చెప్పించాలని చూసింది. నేను చెప్పలేదు. ఆ అమ్మాయికి చదువుకోవడానికి సాయంత్రం రెండు గంటలు కావాలి, అవి ఊళ్లో దొరకవు.

మిగతా దారుల గురించి కూడా అడుగుతుంటారు. గ్రూప్స్, కానిస్టేబుల్ కోచింగ్ రెండేళ్లకు మించి వద్దు, ఆ రెండేళ్లూ మనసు పెట్టి చదవండి. మిర్యాలగూడ రైస్ మిల్లులు, మేళ్లచెరువు వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, దామరచర్ల థర్మల్ ప్లాంటు ఐటీఐ చేసినవాళ్లకు పనికొస్తాయి, అక్కడా నా ప్రశ్న అదే. దివిటిపల్లి దగ్గర 2023లో శంకుస్థాపన జరిగిన బ్యాటరీ ఫ్యాక్టరీ మీద మన పిల్లలకు చాలా ఆశ ఉంది. నాకూ ఉంది. ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా ఉన్నవాళ్లు దాని మీద కన్నేసి ఉంచండి. గల్ఫ్‌కు పోయేటట్టయితే లైసెన్స్ ఉన్న ఏజెంటేనా అని చూసుకోకుండా పాస్‌పోర్ట్ చేతికివ్వకండి.

"అన్నీ చెప్పినవ్ గానీ అన్నా, కాంట్రాక్టర్ కింద తప్ప దొరుకుతలేదు, ఏం చెయ్యాలె?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నిజమే, డైరెక్టుగా తీసుకునేది తక్కువ. ఖాళీగా ఉండేకంటే చేరండి. కానీ మూడు పనులు మరవకండి. పాత యూఏఎన్ ఉంటే చేరిన రోజే అది చెప్పండి, కొత్తది తీయనివ్వకండి. ఈఎస్ఐ నంబర్ అడిగి రాసుకోండి, అందులో అమ్మానాన్నల పేర్లు ఎక్కించండి. మానేశాక పాత కాంట్రాక్టర్ ఎగ్జిట్ డేట్ వేయకపోతే ఆయన చుట్టూ తిరగనక్కర్లేదు, చివరి జమ పడ్డ రెండు నెలలకు పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఆరు నెలలు తిరిగారో. ట్రైనీ అని చెప్పి తీసుకుంటే అది అప్రెంటిస్ చట్టం కిందనా కాదా కనుక్కోండి. అప్రెంటిస్‌కు పీఎఫ్ ఉండదు, అది మోసం కాదు, కానీ ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో కాగితం మీద ఉండాలి.

నవాబ్‌పేట పిల్లాడికి రెండు యూఏఎన్‌లు కలిపించాం. ఆగిపోయిన ఎనిమిది నెలల మీద పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాం. చీటీలన్నీ దాచుకున్నాడు కాబట్టి ఫిర్యాదుకు ఆధారం దొరికింది. చెల్లెలి పెళ్లికి మాత్రం వడ్డీకి తెచ్చాడు.

మా తమ్ముడు ఇప్పుడు పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు, ఐదింటికే బస్సు. మొదటి జీతం చీటీ మీద కంపెనీ పేరు చూసి మా అమ్మ దాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. మీరు కూడా చేరిన తర్వాతి నెల 15 దాటాక, ఆధార్‌కు లింకైన ఫోన్ చేతిలో పట్టుకుని రండి, ఓటీపీ దానికే వస్తుంది. పాస్‌బుక్ తెరిచి చూద్దాం.