లాంగ్‌మెన్‌లో ఒక ఉదయం, హువాషాన్‌పై ఒక పగలు

చైనా వెళ్ళి వచ్చామనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, గ్రేట్‌వాల్ ఎలా ఉందని. మేము అటు వెళ్ళనే లేదు. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. వాటిలో బీజింగ్, షాంఘైలను కూడా ఇరికిస్తే సగం కాలం స్టేషన్లలోనే గడిచిపోతుందని మావారు ముందే లెక్క వేశారు. అందుకే షియాన్, లువోయాంగ్, ఆ రెండింటి నడుమ ఉన్న హువాషాన్ కొండ, ఈ మూడే పెట్టుకున్నాం. అక్టోబరు మొదటి వారం అక్కడ జాతీయ సెలవులు కాబట్టి ఆ రద్దీ తగ్గాక, నెలాఖరున సింగపూర్ మీదుగా షియాన్ చేరాం.

వెళ్ళిన క్రమం ఎలా ఉన్నా, ముందుగా చెప్పవలసింది లువోయాంగ్ దగ్గరి లాంగ్‌మెన్ గుహల గురించే. యీ అనే నదికి రెండు ఒడ్డులా సున్నపురాతి కొండలు. 493లో ఉత్తర వెయ్ వంశపు రాజులు రాజధానిని లువోయాంగ్‌కు మార్చినప్పటి నుంచి అక్కడ బుద్ధుణ్ణి చెక్కడం మొదలైంది. గుహలు, గూళ్ళు కలిపి 2,300కు పైగా, విగ్రహాలు సుమారు లక్ష. వాటిలో ఒక గుహ గోడల నిండా వేళ్ళంత బుద్ధులు 15,000 మంది వరుసలు తీరి ఉంటారు. అది చూసి బయటికి వచ్చి మెట్లెక్కితే, 17 మీటర్ల వైరోచన బుద్ధుడు ఎదురవుతాడు. ఆ విగ్రహం 675లో పూర్తయింది. దాని కోసం మహారాణి వూ జెతియాన్ తన అలంకరణ సొమ్ములోంచి నాణేల దండలు 20,000 ఇచ్చిందని శాసనం. ఆ ముఖంలోని చిరునవ్వు ఆమెదేనని జనం చెప్పుకుంటారు. ఎవరిదైనా, అంత శాంతమైన ముఖాన్ని నేను రాతిలో ఇంతకు ముందు చూడలేదు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆ బుద్ధుడు తూర్పుముఖంగా ఉన్నాడు. ఉదయం వెళితేనే ఎండ ముఖం మీద పడుతుంది. మేము తలుపులు తీసే వేళకే వెళ్ళి, చూసి, వంతెన దాటి అవతలి ఒడ్డు నుంచి మళ్ళీ చూశాం. దగ్గర నుంచి చూస్తే పాదాల దగ్గర నిలబడినట్టు ఉంటుంది. నది అవతల నుంచి చూస్తే కొండ మొత్తం ఆయన చుట్టూ అమరినట్టు కనిపిస్తుంది. చాలా బృందాలు వంతెన దాటకుండానే బస్సెక్కుతున్నాయి. వారి టికెట్టులో సగం వృథా అయినట్టే.

మనసును కలచివేసినవి తలలు లేని విగ్రహాలు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఎన్నిటినో కోసి అమ్ముకున్నారు. ఒక గుహలోని రాజు, రాణి ఊరేగింపు శిల్పాల్లో రాజుది న్యూయార్క్‌లోనూ, రాణిది కాన్సాస్ సిటీలోనూ ఉన్నాయి. ఆ ఖాళీ గోడ ముందు నిలబడినప్పుడు నాకు మా అమరావతి గుర్తొచ్చింది. మాది గుంటూరు. మా స్తూపం శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే చెన్నైకో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. ఆ బాధ ఏమిటో మాకు తెలుసు.

లువోయాంగ్‌లో బస మాత్రం చేదు అనుభవం. ఫోనులో ముందే డబ్బు కట్టి ఖరారు చేసుకున్న హోటలుకు రాత్రి పది గంటలకు చేరితే, విదేశీయులకు గది ఇవ్వలేమన్నారు. విదేశీ అతిథుల వివరాలను హోటలు పోలీసులకు నమోదు చేయాలి. ఆ పని వారికి చేతకాలేదు. అనువాదం చేసే యాప్‌తో అరగంట వాదించి, చివరికి రెండు వీధులవతల పెద్ద హోటలులో గది తీసుకున్నాం. ధర రెట్టింపు, కానీ పాస్‌పోర్టులు తీసుకున్న అయిదు నిమిషాల్లో తాళం ఇచ్చారు. డబ్బు కట్టే ముందే విదేశీయులను తీసుకుంటారా అని రాసి అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. షియాన్‌లో కోటగోడ లోపల దక్షిణ ద్వారం దగ్గర తీసుకున్న చిన్న బస అన్ని విధాలా నచ్చింది. దాదాపు 14 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న ఆ మింగ్ రాజుల కాలపు గోడ మీద అద్దె సైకిళ్ళు తొక్కవచ్చు. మేము రెండు రోజులు సాయంత్రం అక్కడే గడిపాం.

షియాన్ దగ్గరి మట్టి సైనికుల విషయం తప్పకుండా చెప్పాలి. 1974లో బావి తవ్వుతున్న రైతులకు దొరికిన ఈ సైన్యం క్రీ.పూ. 210లో మరణించిన చిన్ చక్రవర్తి సమాధికి కాపలా. ఒకటో నంబరు గొయ్యి 230 మీటర్ల పొడవు. అంచున జనం అయిదు వరుసలు. మేము పొరపాటున ముందు అందులోకి వెళ్ళి, ముందు వారి భుజాల మీదుగా చూశాం. మూడు, రెండు గోతులు చూసుకుని చివర ఒకటికి రావడం మేలు. మోకాలు వంచి కూర్చున్న విలుకాడిని అద్దాల పెట్టెలో దగ్గరగా చూడవచ్చు. అతడి చెప్పు అడుగున కుట్లు కూడా మలిచారు. దాన్ని చూడటానికే నేను మూడుసార్లు తిరిగి వెళ్ళాను. మేము కుదుర్చుకున్న గైడు మాత్రం గంటసేపు పచ్చరాళ్ళ దుకాణంలో కూర్చోబెట్టాడు. మెట్రో తొమ్మిదో లైనులో హువాచింగ్ చీ వరకు వెళ్ళి అక్కడ బస్సు పట్టుకోండి, గైడు అక్కరలేదు.

హువాషాన్‌కు షియాన్ ఉత్తర స్టేషన్ నుంచి వేగపు రైలులో అరగంట పైచిలుకు. ప్రవేశం, బస్సు, రోప్‌వేలు కలిపి ఒక్కొక్కరికి 400 యువాన్లు దాటింది. ఖరీదే, కానీ పడమటి శిఖరపు రోప్‌వే నిట్టనిలువు తెల్లటి గ్రానైటు గోడల మీదుగా సాగిన ఆ నిమిషాలకే నాకు డబ్బు దక్కింది. దక్షిణ శిఖరం ఎత్తు 2,154 మీటర్లు. ఎక్కడం బాగానే ఉంది. ఉత్తర శిఖరం వైపు దిగేటప్పుడు సన్నటి వెన్నులాంటి గట్టు మీద మెట్లు, మావారి మోకాళ్ళను తినేశాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు పడమటి రోప్‌వేలోనే దిగి రావాలి. దారిలో గొలుసులకు జంటలు తాళాలు వేస్తాయి. మావారు ఒకటి కొని, మా పేర్లు తెలుగులో కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ చెక్కే అబ్బాయి ఆ గుండ్రటి అక్షరాలను చాలాసేపు చూసి, ఒత్తు కూడా తప్పకుండా చెక్కాడు.

తిండికి మేమిద్దరం శాకాహారులం. ‘వో చీ సూ’ అంటే నేను శాకాహారం తింటానని అర్థం. అది రాసిన చీటీ దగ్గర పెట్టుకున్నా ఒక్కోసారి మాంసపు రసం వచ్చింది. బౌద్ధాలయాల పక్కనున్న శాకాహార భోజనశాలలే నమ్మకం. రైళ్ళలో మరిగిన నీళ్ళ కుళాయి ఉంటుంది. మా ఉప్మా పొడికి అది చాలు. డబ్బు చెల్లింపులన్నీ అలీపే అనే యాప్‌లోనే జరిగాయి. భారత్‌లో ఉండగానే అందులో కార్డు జోడించుకోవాలి.

చివరి రోజు షియాన్‌లోని పెద్ద బాతు గోపురానికి వెళ్ళాం. భారతదేశం నుంచి హ్యుయాన్‌త్సాంగ్ తెచ్చిన 657 గ్రంథాలను భద్రపరచడానికి 652లో దాన్ని కట్టారు. ఆయన మా ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతికి వచ్చి నెలల తరబడి అభిధర్మం అనే బౌద్ధ తత్త్వశాస్త్రం చదువుకున్నాడు. పై అంతస్తు కిటికీ దగ్గర ఈ మాట చెబితే, మావారు చాలాసేపు దక్షిణం వైపు చూస్తూ నిలబడి, ‘ఇంత దూరం నడిచాడా’ అన్నారు.