రాస్ ద్వీపంలో గోడ గీయబోయి చెట్ల వేళ్ళు గీశాను

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం వెళ్ళినవాళ్ళలో చాలామంది రాస్ ద్వీపాన్నీ నార్త్ బేనీ ఒకే పూటలో చుట్టేస్తారు. మొదటి రోజు నేనూ అంతే. పడవవాళ్ళు రాస్‌లో ఇచ్చిన గంటన్నర జింకల ఫొటోలకే సరిపోయింది. బొమ్మలు గీసుకునే పుస్తకం సంచిలోంచి బయటికే రాలేదు. మర్నాడు రాస్‌కి మాత్రమే టికెట్ కొని మొదటి పడవ ఎక్కాను. ప్రయాణం పావుగంట కూడా లేదు.

1858 తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా ఆంగ్లేయులు అండమాన్‌ను ఇక్కడినుంచే ఏలారు. చర్చి, బేకరీ, ఈతకొలను, టెన్నిస్ కోర్టు, అన్నీ ఉండేవి. 1941లో భూకంపం, మరుసటి ఏడు జపాన్ సైన్యం. ఆ వైభవం అక్కడితో సరి. మిగిలిన పని మర్రి జాతి చెట్లు చూసుకున్నాయి.

చర్చి దగ్గర నీడలో కూర్చుని ఇటుకలు గీయడం మొదలుపెట్టాను. కాసేపటికి గానీ అర్థం కాలేదు, నేను గీస్తున్నవి వేళ్ళని. పిట్ట రెట్టలో పడ్డ గింజ గోడ పగులులో మొలుస్తుంది. వేళ్ళు మెత్తబడిన సున్నం వెంబడి, అంటే ఇటుకకూ ఇటుకకూ మధ్య సందుల్లోంచి కిందికి దిగుతాయి. అందుకే కొన్నిచోట్ల అవి గళ్ళు గళ్ళుగా అల్లుకున్నాయి. ఒకచోట ఇటుకలు రాలిపోయాయి, వేళ్ళు మాత్రం ఒకప్పటి కిటికీ చుట్టూ తిరిగిన వంపులోనే గట్టిపడ్డాయి. గోడను చీల్చిందీ అవే, మిగిలిన ముక్కను పడిపోకుండా పట్టుకున్నదీ అవే. ఫొటోలో ఇది కనిపించదు, గీస్తేనే తెలుస్తుంది.

సాయంత్రం ధ్వని, కాంతుల ప్రదర్శనకు మళ్ళీ వెళ్ళాను. చరిత్ర తెలియనివారికి బాగుంటుంది. నాకైతే రంగు దీపాల కింద పొద్దుటి వేళ్ళన్నీ నాటకం తెరలా అనిపించాయి. ఒక్కటే చూసే వీలుంటే ఉదయమే మేలు.

బస అబర్డీన్ బజారు దగ్గర ఒక చిన్న లాడ్జిలో. జెట్టీకి నడిచి వెళ్ళవచ్చు, దుప్పట్లు మాత్రం చెమ్మగా ఉన్నాయి. ఆ చెమ్మ కాగితానికీ పడుతుంది, మందమైనది తీసుకెళ్ళండి. పుస్తకం నేలమీద పెట్టి నీళ్ళు తాగుతుంటే జింక ఒకటి వచ్చి చర్చి బొమ్మ మూల కొరికేసింది. వేళ్ళ దాకా రాలేదు.