ఇటాలియన్ సమాసాలకు ట్రెక్కానీ నిఘంటువు ఎంతవరకు పనికొస్తుంది?

ఇటాలియన్ సమాసపదానికి మూలం వెతకాలంటే ముందుగా తెరవాల్సింది ఇటాలియన్ విజ్ఞానసర్వస్వాన్ని ప్రచురించే ట్రెక్కానీ సంస్థ వెబ్‌సైట్‌లోని నిఘంటువే. డబ్బు కట్టక్కర్లేదు. పదాన్ని ఏకవచనంలో టైప్ చేసి, ఫలితాల్లో విజ్ఞానసర్వస్వాన్ని వదిలేసి 'వొకబొలారియో' (నిఘంటువు) విభాగంలోకి వెళ్లాలి. పదం పక్కన చదరపు బ్రాకెట్లలో ఉండేదే వ్యుత్పత్తి. అది 'కాంప్. ది' (ఫలానా పదాల సమాసం) అని మొదలైతే మన విగ్రహవాక్యం లాంటిదే. 'లాట్.' అంటే లాటిన్, 'తెడ్.' అంటే జర్మన్. పదం మధ్యలో కనిపించే స్వరచిహ్నం ఉచ్చారణ కోసమే, మామూలు రాతలో అది ఉండదు.

ఆ ఒక్క బ్రాకెట్ ఎంత చెబుతుందో 'ఫెర్రొవీయా' (రైలుమార్గం) దగ్గర తెలుస్తుంది. రెండు నామవాచకాల సమాసంలో ఇటాలియన్ సాధారణంగా ప్రధానపదాన్ని ముందు పెడుతుంది. స్టేషన్ మాస్టరు 'కాపొస్తత్సియోనే', అందులో కాపో అంటే అధిపతి. అందుకే బహువచనం 'కాపిస్తత్సియోనే', మార్పు పదం మధ్యలో! ఫెర్రొవీయాలో మాత్రం ఇనుము ముందు, దారి వెనక. జర్మన్ 'ఐజెన్‌బాన్'ను ముక్కకు ముక్క అనువదించడం వల్ల వచ్చిన వరస అది.

'తెర్రెమోతో' (భూకంపం) ఇంకా అందమైనది. తెర్రా, మోతో అని విడదీస్తే మధ్యలో 'ఎ' ఎక్కడిదో చెప్పలేం. లాటిన్ 'తెర్రాయె మోతుస్'లోని షష్ఠీవిభక్తి ప్రత్యయం అలాగే మిగిలిపోయింది. మన వ్యాకరణం మాటల్లో ఇది అలుక్ సమాసం, అంటే విభక్తి లోపించని సమాసం. చూడగానే తోచినట్టు విడగొట్టేవాళ్లు తరచూ పొరపడేది ఇక్కడే.

ఈ నిఘంటువులో అసలు లోటు తేదీలు. పదం మొదట ఎప్పుడు రాతలోకి వచ్చిందో బ్రాకెట్ చెప్పదు. 'పొమొదోరో' (టమాటా) బంగారు పండు అని తెలిస్తే సరిపోదు. 1554లో వృక్షశాస్త్రజ్ఞుడు మత్తియోలి దాన్ని 'పోమి దోరో' (బంగారు పళ్లు) అని విడిపదాలుగా రాశాడు. ఆ దశ తెలిస్తేనే పొమొదోరి, పొమిదోరి, పొమిదోరో అని మూడు బహువచనాలు ఎందుకు పుట్టాయో అర్థమవుతుంది.

తేదీలకు కొర్తెలాత్సో, జొల్లి కూర్చిన ఐదు సంపుటాల వ్యుత్పత్తి నిఘంటువు (1979–88) కొనడమో, గ్రంథాలయంలో చూడడమో మంచిది. నెట్‌లో ఉచితంగా దొరికే పియానిజానీ నిఘంటువు 1907 నాటిది. దాని వ్యుత్పత్తుల్లో చాలావాటిని తర్వాతి పరిశోధన తోసిపుచ్చింది, కాబట్టి ట్రెక్కానీతో సరిపోల్చకుండా ఎక్కడా ఉదహరించవద్దు.