ఆర్టెమిస్ ఫౌల్: నవలా, బొమ్మల పుస్తకమా, సినిమానా? పిల్లలకి ముందు ఏది ఇవ్వాలి?

పన్నెండేళ్ల కుర్రవాడు. ఐర్లండ్‌లో తరాలుగా దొంగతనాలతో సంపాదించిన కుటుంబం. నాన్న ఓడతో సహా ఉత్తర సముద్రాల్లో గల్లంతయ్యాడు. ఆ దిగులుతో అమ్మకి మతి చెదిరి గది దాటి బయటికి రావడం లేదు. ఆస్తి కరిగిపోయింది. పోయినదంతా తిరిగి రాబట్టాలని ఆ కుర్రవాడు ఒక పథకం వేస్తాడు. భూమి అడుగున మనుషుల కంట పడకుండా బతుకుతున్న ఫెయిరీల జాతిలో ఒకరిని ఎత్తుకొచ్చి, విడిచిపెట్టాలంటే టన్ను బంగారం ఇమ్మని అడగాలి. ఓవెన్ కోల్ఫర్ 2001లో రాసిన ‘ఆర్టెమిస్ ఫౌల్’ ఇలా మొదలవుతుంది. పిల్లల పుస్తకంలో కథానాయకుడే కిడ్నాపర్ అన్నమాట. ఏ రూపంలో చదివించినా, చూపించినా ఈ ముక్క చెక్కుచెదరకుండా ఉందా లేదా అన్నదే అసలు కొలత.

ఈ కథ నాలుగు రూపాల్లో ఉంది. మొదటిది 2001 నాటి నవల. రెండోది 2007లో వచ్చిన గ్రాఫిక్ నవల, అంటే కథంతా బొమ్మలతో చెప్పే పుస్తకం, కోల్ఫర్ తానే ఆండ్రూ డాంకిన్‌తో కలిసి కుదించగా జొవాని రిగానో బొమ్మలు వేశాడు. మూడోది 2019లో వచ్చిన ఇంకో గ్రాఫిక్ నవల, రచన మైకేల్ మొరేచి, బొమ్మలు స్టీఫెన్ గిల్పిన్. నాలుగోది కెనెత్ బ్రానా తీసిన 95 నిమిషాల సినిమా. 2019 ఆగస్టులో థియేటర్లకి రావలసింది వాయిదాలు పడి పడి, చివరికి 2020 జూన్ 12న నేరుగా డిస్నీ ప్లస్‌లో విడుదలైంది. చదివి వినిపించే ఆడియో పుస్తకం కూడా ఉంది కానీ అది నవలకి తోడు, వేరే రూపం కాదు.

ముందే చెప్పేస్తే: ఇంగ్లిష్ కథల పుస్తకాలు సొంతంగా చదివే పది, పన్నెండేళ్ల పిల్లలకి నవలే మేలు. అంత చదవలేని వాళ్లకి 2007 నాటి బొమ్మల పుస్తకం. సినిమాని మాత్రం నవల కంటే ముందు చూపించకండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

తెలివి ఎక్కడ కనిపిస్తుంది?

ఒక పిల్లవాడు మేధావి అని రాసెయ్యడం తేలికే. ఆ తెలివి పని చేస్తుంటే చదివేవాళ్లు పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉండాలి. నవలలో ఆర్టెమిస్ చేసే మొదటి పని ఫెయిరీలు తమ దగ్గర దాచుకునే నియమాల పుస్తకాన్ని సంపాదించడం. హోచిమిన్ నగరంలో తాగుడుకి బానిసై శక్తులన్నీ పోగొట్టుకున్న ఒక ఫెయిరీ ఉంటుంది. ఆమెతో బేరం పెట్టి, ఆ పుస్తకాన్ని కాసేపు చేతికి తీసుకుని, పేజీలన్నీ ఫొటోలు తీసుకుంటాడు. తరవాత ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ లిపిని ఛేదిస్తాడు. కొన్ని గుర్తులు ఈజిప్టు చిత్రలిపిని పోలి ఉన్నాయని పట్టుకుంటాడు. రాత వరసగా కాకుండా సుడి తిరిగినట్టు సాగుతోందని గమనిస్తాడు. రెండో అధ్యాయంలో చాలావరకు ఇదే పని.

అలా చదివిన నియమాలే అతని ఆయుధాలు. పిలవందే ఫెయిరీలు మనిషి ఇంట్లో అడుగు పెట్టకూడదు. కంట్లో కన్ను పెట్టి చూస్తే మనిషిని లోబరుచుకోగలరు, కాబట్టి ఆర్టెమిస్ మనుషులు అద్దంలా ఎదుటివాళ్ల బింబాన్ని చూపే కళ్లజోళ్లు పెట్టుకుంటారు. శక్తి ఖర్చయిపోతే నది మలుపు దగ్గరున్న పాత ఓక్ చెట్టు కింద పున్నమి రాత్రి ఒక గింజ ఏరి, దూరంగా వేరే చోట పాతిపెట్టాలి. అందుకే ఆర్టెమిస్, అతని అంగరక్షకుడు బట్లర్ అలాంటి చెట్టు దగ్గర నెలల తరబడి పున్నమి పున్నమికీ మాటు వేస్తారు.

మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు కత్తికి చావడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న గుట్టు తెలిశాకే పిల్లవాడి చేతికి గెలుపు వస్తుంది. గుట్టు తెలిసినవాడిదే బలం అన్న ఈ పద్ధతి మన పిల్లలకి కొత్త కాదు. ఐర్లండ్ జానపద కథల్లోనూ ఇలాంటిదే ఉంది. లెప్రకాన్ అనే పొట్టి ఫెయిరీ బంగారం దాచుకుంటాడు, పట్టుకున్న మనిషికి అది ఇచ్చుకోవలసి వస్తుంది. కోల్ఫర్ కథకి మూలం ఇదే. ఫెయిరీల పోలీసు నిఘా దళానికి అతను పెట్టిన పొట్టి పేరు కూడా లెప్రకాన్ అనే పలుకుతుంది. ఈ సంగతి తెలియని పిల్లలకి ఆ పేరులోని చమత్కారం అందదు, బంగారమే ఎందుకు అడిగాడో కూడా అర్థం కాదు. పుస్తకం ఇచ్చే ముందు రెండు నిమిషాలు ఈ లెప్రకాన్ కథ చెప్పండి.

సినిమాలో ఈ నియమాల అల్లిక దాదాపు లేదు. బంగారం ఊసు పోయింది. దాని స్థానంలో ‘అక్యులోస్’ అనే మాయావస్తువు వచ్చింది, ఇది మూల పుస్తకాల్లో దేంట్లోనూ లేదు. నాన్నని ఎవరో ఎత్తుకుపోయారు, విడిపించాలంటే ఆ వస్తువు తెచ్చివ్వాలి. అంటే దొంగతనానికి దిగిన పిల్లవాడు కాస్తా నాన్న కోసం పోరాడే మంచి పిల్లవాడు అయిపోయాడు. మేధావి అని మాటల్లో చాలాసార్లు వింటాం. ఆ మేధస్సు ఒక్క చిక్కుముడి విప్పుతుంటే తెర మీద చూడం.

ఒకే ఘట్టం, రెండు చోట్ల

తేడా సరిగ్గా తెలియాలంటే ఇటలీలో మార్టినా ఫ్రాంకా అనే ఊళ్లో ట్రోల్ (భూమి అడుగున ఉండే తెలివిలేని భారీ జీవి) పైకొచ్చే ఘట్టాన్ని నవలలోనూ సినిమాలోనూ పక్కపక్కన పెట్టి చూడండి.

నవలలో ఆర్టెమిస్ ఎత్తుకొచ్చే ఫెయిరీ హోలీ షార్ట్, నిఘా దళంలో అధికారి. మీటరు ఎత్తు, మనిషి లెక్కలో ఎనభై దాటిన వయసు, చేతిలో ఉన్న మాయాశక్తి అడుగంటింది. ట్రోల్ ఒక హోటల్లోకి దూరుతుంది. లోపల జనం ఉన్నారు, కానీ పిలుపు లేకుండా ఆమె లోపలికి వెళ్లకూడదు. అప్పుడు లోపలి నుంచి సాయం కోసం ఒక పసిపిల్ల కేక వినిపిస్తుంది. దాన్నే పిలుపుగా తీసుకుని లోపలికి దూకుతుంది. ఆ పోరులో మిగిలిన శక్తి కూడా పోతుంది. శక్తి పోయింది కాబట్టి పై అధికారి తిట్టి ఓక్ చెట్టు దగ్గరికి పంపిస్తాడు. చెట్టు దగ్గరికి వెళ్లింది కాబట్టి ఆర్టెమిస్‌కి చిక్కుతుంది. ఒక మెట్టు తీసేస్తే మొత్తం కూలిపోతుంది.

సినిమాలో అదే ఊళ్లో ఒక పెళ్లి జరుగుతుంటే ట్రోల్ వస్తుంది, కాలాన్ని ఆపి దాన్ని లొంగదీస్తారు. చూడ్డానికి భారీగా, అందంగా ఉంది. కానీ దాని వల్ల తరవాత ఏమీ జరగదు. హోలీ వేరే కారణంతో, తన తండ్రి జాడ వెతుకుతూ టారా కొండకి వెళ్లి దొరికిపోతుంది. ఘట్టాన్ని ఉంచి, దాని వెనకున్న కారణాన్ని తీసేశారు.

పాత్రల్లోనూ ఇలాగే జరిగింది. నవలలో నిఘా దళంలోకి వచ్చిన మొదటి మహిళా అధికారి హోలీ. పై అధికారి కమాండర్ రూట్ ఆమెని అంత కఠినంగా చూడటానికి కారణం అదే, ఆ విషయం అతనే ఒప్పుకుంటాడు. సినిమాలో రూట్ పాత్ర జూడీ డెంచ్‌ది. ఆమె గొప్ప నటి, కానీ పై అధికారే మహిళ అయ్యాక హోలీ పోరాటానికి అర్థం పోయింది. ఆర్టెమిస్ అమ్మ సినిమాలో బతికే లేదు. నవల చివర్లో ఆ పిల్లవాడి మనసు మొదటిసారి మెత్తబడేది ఆ అమ్మ కోసమే. బట్లర్ మొదటి పేరు రెండు పుస్తకాల పాటు ఎవరికీ తెలియకుండా ఉంచి, మూడో దాంట్లో గుండె ఆగిపోయే చోట చెప్తాడు రచయిత. సినిమా అతన్ని ఆ పేరుతోనే పరిచయం చేస్తుంది.

సినిమాలో బాగున్నవీ ఉన్నాయి. పాతాళ నగరం, అక్కడి వాహనాలు, గుర్రపు కాళ్ల సాంకేతిక నిపుణుడు ఫోలీ (ఈ పాత్ర వేసింది భారతీయ మూలాలున్న నికేష్ పటేల్) కంటికి ఇంపుగా ఉంటాయి. నవల పూర్తి చేసిన పిల్లలు ఒక ఆదివారం కూర్చుని ఏం మార్చారో, ఎందుకు నచ్చలేదో వాదించుకుంటూ చూస్తే చాలా నేర్చుకుంటారు.

రెండు బొమ్మల పుస్తకాల్లో ఏది?

2007 పుస్తకంలో రచయిత చెయ్యి ఉంది కాబట్టి కథ వరస నవలదే. కిడ్నాప్, బంగారం, అమ్మ జబ్బు అన్నీ ఉన్నాయి. రిగానో గీత కోణాలు దేరి, ముఖాలు కాస్త వికృతంగా ఉంటాయి. ఆర్టెమిస్ పసివాడిలా కాక ముసలి మొహం వేసుకున్న పిల్లవాడిలా కనిపిస్తాడు, ఈ పాత్రకి అదే సరైనది. కొందరు పిల్లలు మొదట ఈ బొమ్మలకి మొహం తిప్పుకుంటారు, ఇరవై పేజీలు ఓపిక పట్టమనండి.

2019 పుస్తకం బొమ్మలు మెత్తగా, కార్టూన్ ధోరణిలో ఉంటాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకి, ఇంగ్లిష్ ఇంకా తడబడే వాళ్లకి ఇది సుళువు. కాకపోతే చల్లని క్రూరత్వం తగ్గి, అల్లరి పెరిగినట్టు ఉంటుంది. రెండూ కొనక్కర్లేదు. పిల్లలు తరవాత నవలకి వెళ్లాలనుకుంటే 2007ది తీసుకోండి, అదే జట్టు తరవాతి పుస్తకాలకీ బొమ్మలు వేసింది. ఏ బొమ్మల పుస్తకమైనా లిపి ఛేదించే భాగాన్ని కొద్ది పేజీల్లో దాటేస్తుంది, ఆ లోటు తప్పదు.

నవల మధ్యలో వదిలేయకుండా

నవలలో తొమ్మిది అధ్యాయాలు, ముందొక ప్రస్తావన, చివర ఒక ఉపసంహారం. మొత్తం మూడు వందల పేజీలకి కాస్త తక్కువ. అధ్యాయాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి రోజుకొకటి అని పెడితే పిల్లలు అలిసిపోతారు. ఒక్కో అధ్యాయాన్ని రెండు విడతలు చెయ్యండి, మూడు వారాల్లో హాయిగా అయిపోతుంది.

ప్రస్తావన మీరు చదివి వినిపించండి. అది ఫెయిరీ పోలీసుల మనస్తత్వ నిపుణుడు రాసిన నివేదిక, అంటే నేరస్తుడి గురించి అవతలి పక్షం రాసుకున్న ఫైలు. ఇది తెలియకపోతే ఆ గంభీరమైన ఇంగ్లిష్ చూసి పిల్లలు బెదిరిపోతారు. ఎక్కువమంది ఆగిపోయేది రెండో అధ్యాయంలోనే, సంఘటనలు తక్కువ కాబట్టి. మూడో అధ్యాయంలో హోలీ రాగానే వేగం అందుకుంటుందని ముందే చెప్పి ఉంచండి. అప్పటికీ కదలకపోతే మూడోది ముందు చదివించి, రెండో అధ్యాయానికి వెనక్కి రండి, కథ పాడవదు.

ఇంకో ఇబ్బంది జాతుల పేర్లు. ఫెయిరీ అనగానే మనకి దేవకన్య, అప్సరస గుర్తొస్తారు. ఇక్కడ అది మొత్తం జాతి పేరు. అందులో రెక్కలున్న స్ప్రైట్‌లు, మట్టి తింటూ సొరంగాలు తవ్వే మరుగుజ్జులు, నిప్పులు విసిరే గాబ్లిన్‌లు, తెలివిలేని ట్రోల్‌లు, సగం గుర్రం సగం మనిషి అయిన సెంటార్‌లు ఉంటారు. ఈ అయిదు వరసల్ని ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టిస్తే చాలు. తెలుగు పేర్లు వెతక్కండి, రాక్షసుడు, భూతం అంటే అర్థమే మారిపోతుంది.

పేజీల అడుగున సాగే ఫెయిరీ లిపి అలంకారం కాదు. ఒక్కో గుర్తు ఒక్కో ఇంగ్లిష్ అక్షరం. పిల్లలు నిజంగా ఛేదించవచ్చు. ఓ నూరు గుర్తులు లెక్కపెట్టి ఏది ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే అది ‘ఈ’ అయ్యే అవకాశం ఎక్కువ. తరవాత ‘టి’, ‘ఏ’ లాంటివి పెట్టి చూస్తూ పోవాలి. గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు చాలు. ఒక గుర్తుకి అక్షరం తప్పుగా పెడితే నాలుగు మాటల తరవాత అర్థంలేని పదం వస్తుంది, అప్పుడు అక్కడిదాకా వెనక్కి రావాలి. పెన్నుతో చేసి చెరపలేక విసిగిపోవడమే మామూలుగా జరిగే పొరపాటు. ఆర్టెమిస్ చేసిన పనే పిల్లలు తమ చేత్తో చేసే ఈ సరదా ఇంకే రూపంలోనూ లేదు.

ఆడియో పుస్తకం నాథనియల్ పార్కర్ చదివినది బాగుంటుంది. ఐరిష్ పేర్లు ఎలా పలకాలో తెలుస్తుంది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని వింటే తడబడే పిల్లలకి గొప్ప ఆసరా.

పెద్దవాళ్లు ముందే తెలుసుకోవలసినవి: తాగుడుకి బానిసైన ఫెయిరీకి విషం పెట్టి, విరుగుడు ఆశ చూపి లొంగదీసే ఘట్టం, అమ్మ కొడుకునే గుర్తుపట్టని ఘట్టం, ఎనిమిదో అధ్యాయంలో ట్రోల్‌తో బట్లర్ రక్తపాతం, మరుగుజ్జు మల్చ్ కడుపు చుట్టూ తిరిగే మొరటు హాస్యం. తొమ్మిదేళ్ల లోపు వాళ్లయితే అమ్మ గది ఘట్టం చదివేటప్పుడు పక్కన ఉండండి, భయపెట్టేది ట్రోల్ కంటే అదే.

సినిమా ఇప్పటికే చూసేసిన పిల్లలకి ఆర్టెమిస్ మంచివాడన్న నమ్మకం బలంగా ఉంటుంది, నవల మొదటి యాభై పేజీలు అయోమయంగా అనిపిస్తాయి. ‘ఇందులో వాడు దొంగ, వాడి వైపు ఉండాలో వద్దో నువ్వే తేల్చుకో’ అని చెప్పి ఇవ్వండి. నాన్నని వెతికే కథ రెండో పుస్తకంలో, 2002లో వచ్చిన ఆర్కిటిక్ సాహసంలో ఉంది. మొదటిది ముగించాక దాన్నే అందించండి, మొత్తం ఎనిమిదీ 2012 వరకు వచ్చిన వరసలోనే చదవాలి.