దేవరకొండ మిద్దె మీద 130 మి.మీ. టెలిస్కోపు: నక్షత్ర గుచ్ఛాలకు ఎంతవరకు పనికొస్తుంది?

130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) ఉండి, బల్ల మీద పెట్టి చేత్తో తిప్పుకొనే ఈ న్యూటన్ తరహా టెలిస్కోపును నేను ముఖ్యంగా వివృత నక్షత్ర గుచ్ఛాల (కలిసి పుట్టి వదులుగా గుంపుగా ఉండే తారల) కోసమే కొన్నాను, ఆ పనికి ఇది బాగా సరిపోయింది.

వెంట వచ్చే, కన్ను ఆనించి చూసే కటకమైన 25 మి.మీ. ఐపీస్‌తో 26 రెట్ల వృద్ధీకరణ, సుమారు రెండు డిగ్రీల దృశ్యక్షేత్రం లభిస్తాయి. అందులో కృత్తికలు అంచులు తాకుతూ పడతాయి గాని, కర్కాటక రాశిలోని ఎం44 గుచ్ఛం (ఎం అంటే మెస్సియే జాబితాలోని సంఖ్య) హాయిగా ఇముడుతుంది. కంటికి మసకమరకలా తోచే ఆ గుచ్ఛం ఇక్కడ పదుల కొద్దీ నక్షత్రాలుగా విడిపోయి, వాటి మధ్య కొన్ని నారింజ రంగు తారలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దానికి దక్షిణాన దాదాపు ఎనిమిది డిగ్రీల దూరంలో ఉన్న ఎం67 వయసు సుమారు 400 కోట్ల ఏళ్లు. దాని తారలు మసకవి కనుక 10 మి.మీ. ఐపీస్ పెట్టి 65 రెట్లకు వెళ్లాలి. అప్పుడు నేపథ్యం నల్లబడి, సన్నని చుక్కలు తేలుతాయి.

లోపాలూ ఉన్నాయి. గురి చూసుకోవడానికి వాడే ఎర్రచుక్క ఫైండర్ తరచూ వదులవుతుంది, బల్ల కాస్త ఊగినా బొమ్మ వణుకుతుంది. వృశ్చికంలోని ఎం7 గుచ్ఛం మన అక్షాంశంలో 38 డిగ్రీల ఎత్తుకు వస్తుంది కాబట్టి, వేసవిలో దక్షిణం వైపు వీధిదీపాలు లేని మిద్దె ఉన్నవారు దీనిని నిస్సంకోచంగా కొనవచ్చు.