ఓమిమ్: మా బాబు రిపోర్ట్‌లోని ఆరంకెల నంబరు వెనకున్న సైట్

మా బాబుకి విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు) అని తేలిన రోజు, ఆ రిపోర్ట్ మొత్తంలో నాకు అర్థమైంది వాడి పేరూ వయసే. మధ్యలో ఎక్కడో 277900 అని ఉంది. రోజంతా ఖాతాలు చూసే ఉద్యోగం నాది, అంకె కనిపిస్తే అదేంటో తేల్చుకోకుండా ఉండలేను. పిల్లలు పడుకున్నాక వెతికితే ఓమిమ్ (OMIM) అనే సైట్ తెరుచుకుంది. ఆరు నెలలుగా వాడుతున్నాను, నాలాంటి తల్లులకు పనికొస్తుందని రాస్తున్నాను.

వంశపారంపర్యంగా వచ్చే జబ్బులకూ, మనిషి జన్యువులకూ ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చి, వాటిమీద జరిగిన ముఖ్యమైన పరిశోధనల సారం ఒకచోట రాసిపెట్టే సైట్ ఇది. 25 వేలకు పైగా ఎంట్రీలున్నాయి. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు.

నంబరులో మొదటి అంకెకి అర్థం ఉంది. 1 అయితే అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచి జన్యులోపం వచ్చినా చాలు, జబ్బు రావచ్చు. 2 అయితే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు లోపాలూ కలిస్తేనే. 3 అంటే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నది. మాది 2. అప్పట్లో మా ఇంట్లో ‘ఇది ఎవరివైపు నుంచి వచ్చింది’ అన్న మాట రోజూ లేచేది. మా పుట్టింట్లో లివర్ జబ్బుతో ఎవరైనా పోయారా అని అత్తయ్య అడిగినప్పుడల్లా నేను లోపల్లోపలే కుమిలిపోయేదాన్ని. ఒకరోజు ఫోన్ ఆవిడ ముందు పెట్టి, “మీ అబ్బాయి దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉన్నాయి అత్తయ్యా. విడివిడిగా మాకేం కాలేదు, రెండూ వాడికి చేరాయి” అన్నాను. ఆవిడ చాలాసేపు ఆ 2నే చూశారు. “అయితే చిన్నదానికో?” అన్నారు.

అసలు అడగాల్సింది అదే. తోబుట్టువులకు నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. వారం తిరక్కుండా పాపకి పరీక్ష చేయించాం. క్యారియర్ మాత్రమే, అంటే ఒక్క లోపమే ఉంది, జబ్బు లేదు.

1994 మే నెల మధ్య నుంచి కొత్తగా చేరినవి చాలావరకు 6తో మొదలవుతాయి కాబట్టి వాటికి ఈ లెక్క కుదరదు. మా బాబు జబ్బుకి కారణమైన జన్యువు ఏటీపీ7బీ, దాని నంబరే 606882. నంబరు ముందు గుర్తు కూడా చూడండి. నక్షత్రం ఉంటే జన్యువు, హ్యాష్ ఉంటే కారణం తెలిసిన జబ్బు. శాతం గుర్తు ఉందంటే జబ్బు వంశంలో వస్తోందని తెలుసు, ఏ లోపం వల్లో ఇంకా దొరకలేదు. మాది హ్యాష్. విల్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి 1912లో రాస్తే జన్యువు దొరికింది 1993లో. ఆ శాతం గుర్తు దగ్గరే ఆగిపోయిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో అనిపించి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

క్లినికల్ సినాప్సిస్ అనే భాగం ముందు తెరవండి. లక్షణాలు అవయవాల వారీగా ఉంటాయి. కళ్ల డాక్టరు బాబు నల్లగుడ్డు అంచున చూపించిన గోధుమరంగు వలయం, రాగి పేరుకుని వచ్చినది, నాకు అక్కడ పేరుతో సహా కనిపించింది.

పాత ఎంట్రీల్లో చాలావాటి అడుగున మొదట రాసినవారిగా విక్టర్ మెక్‌కుసిక్ పేరు, 1986 జూన్ తేదీ ఉంటాయి. ఎవరా అని వెతికాను. పదిహేనేళ్ల వయసులో ఇన్ఫెక్షన్‌తో వారాల తరబడి ఆస్పత్రిలో ఉండి, డాక్టరు కావాలని అక్కడే నిశ్చయించుకున్నారట. గుండె డాక్టరై, మార్ఫాన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న రోగులను చూస్తూ జన్యుశాస్త్రం వైపు తిరిగారు. 1957లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో మెడికల్ జెనెటిక్స్ విభాగం మొదలుపెట్టారు. ఈ జాబితాను 1966లో పుస్తకంగా వేసి, 1998 దాకా పన్నెండు ముద్రణలు తెచ్చారు. 1987లో ఆన్‌లైన్‌కి ఎక్కింది. ఆయన 2008లో పోయారు, పని మాత్రం ఆగలేదు, ఎంట్రీలు ఇప్పటికీ చేరుతూనే ఉన్నాయి. నేను ఎన్నడూ చూడని ఆ పెద్దాయనకు రుణపడ్డాను.

కష్టం ఎక్కడంటే, అంతా ఇంగ్లిష్, అదీ డాక్టర్లకోసం రాసిన ఇంగ్లిష్. మొదటిసారి ఒక్క పేరా చదవడానికి గంట పట్టింది. మీ పిల్లల రిపోర్ట్‌లోని వేరియంట్ (జన్యువులో కనిపించిన మార్పు) అక్కడ లేకపోతే టెన్షన్ పడకండి, దొరికిన ప్రతి వేరియంటూ అందులో ఉండదు. మందు సంగతి దీన్ని చూసి తేల్చుకోవద్దు. నేను అర్థంకాని మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి చెప్పేవారు) దగ్గరికి పట్టుకెళ్తాను. రిపోర్ట్‌లో నంబరు లేకపోతే జన్యువు పేరు కొట్టినా పేజీ వస్తుంది.