లేక్ పావెల్‌లో హౌస్‌బోట్: జనరేటర్ పొగ ఎటు పోతుందో అడిగాకే డబ్బు కట్టండి

అమెరికాలోని లేక్ పావెల్ సరస్సు ఎర్ర కొండలూ, రెయిన్‌బో బ్రిడ్జి అనే సహజ రాతి తోరణమూ విన్నంత గొప్పగానే ఉన్నాయి కనుక వాటిని వర్ణించను. మూడు రాత్రులకు 4,200 డాలర్లు, ఇంధనానికి విడిగా 610 డాలర్లు పుచ్చుకున్న హౌస్‌బోట్ అద్దె సంస్థ తీరు గురించే ఇదంతా.

పడవ అప్పగించిన ఉద్యోగి గీత పడితే ఎంత, ప్రొపెల్లర్ వంగితే ఎంత అని ముప్పావు గంట వివరించాడు. జనరేటర్ పొగ ఎటు పోతుందని బావగారు అడిగితే మాత్రం "వెనక్కి" అని ఊరుకున్నాడు. పిల్లలు ఈతకు దిగే చెక్క వేదిక ఉన్నది ఆ వెనకే. జనరేటర్ పొగలో ఉండే, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం పడకగదిలో ఉంది; దాని మూత తీస్తే బ్యాటరీలు లేవు, చీటీ మీది గడువు ఎప్పుడో దాటింది. "ఊరికే మోగుతోందని తీసేశాం" అన్నాడు. బావగారు మారు మాట్లాడకుండా పేజ్ ఊళ్ళోకి వెళ్ళి 38 డాలర్లు పెట్టి కొత్తది కొనుక్కొచ్చారు.

ఈ సరస్సులోనే 2000 ఆగస్టులో హౌస్‌బోట్ వెనుక ఈదుతూ ఇద్దరు అన్నదమ్ములు ఈ వాయువుకు బలయ్యారు. ఆ తరువాత ప్రభుత్వ పరిశోధకులు కొలిస్తే, కొన్ని పడవల వేదికల కింద ఇది 30,000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని భాగాలు) వరకు చేరింది; 1,200 చేరితే చాలు ప్రాణాపాయమంటారు.

రెండో రాత్రి ఉక్క భరించలేక కిటికీలు మూసి, జనరేటర్ మీద ఏసీ వేసుకున్నాం. అత్తయ్యగారికి తలనొప్పి, వాంతులు మొదలైతే, పడవ ప్రయాణం పడలేదని అందరూ తేల్చేశారు. ఒడ్డున కట్టేసి కదలకుండా ఉన్న పడవలో ఎవరికైనా కడుపులో తిప్పుతుందా అని నేను అంటూండగానే కొత్త అలారం కూసింది. జనరేటర్ ఆపి, అందరినీ ముందు డెక్ మీదికి లాక్కొచ్చాం. గంటన్నరకు ఆవిడ తేరుకుని మంచినీళ్ళు అడిగారు. బావగారు మాత్రం తెల్లవారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

పొగను పైకప్పు మీదుగా వదిలే నిలువు గొట్టం ఉన్న పడవ 350 డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి. అదున్నా సరే, పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు జనరేటర్ ఆపాల్సిందే. పక్కన లంగరు వేసిన వాళ్ళ జనరేటర్ పొగ కూడా మన గదుల్లోకే వస్తుంది కనుక, మొహమాటపడకుండా దూరంగా జరగండి.

ఫిర్యాదు చేస్తే "అసౌకర్యానికి" అంటూ 150 డాలర్లు వెనక్కిచ్చి, టాయిలెట్ ట్యాంకు శుభ్రం చేసినందుకు అందులోంచి 75 పట్టుకున్నారు.